పిల్లల ప్రశ్న ఎవరి ఖాతాలో పడుతోంది?

హోసూరులోనైనా బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా షోలాపూర్‌లోనైనా ప్రాజెక్టు పని ఇవ్వగానే మన పిల్లలు ముందుగా చేసేది ఒక్కటే, గూగుల్‌లో కొట్టి చూడటం. తెలుగు పుస్తకం చేతికందడమే కష్టమైన చోట ఆ వసతి ఎంత ఆసరాయో తెలుగు మాధ్యమంలో పాఠం చెప్పేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. లైబ్రరీలో తెలుగుకు ఒక బీరువా ఉంటే గొప్ప, చాలా బళ్లలో అదీ లేదు. కాబట్టి వెతకొద్దని మేము అనం. ఎక్కడ వెతుకుతున్నారు, ఎవరి పేరు మీద వెతుకుతున్నారు అన్నది మాత్రం తల్లిదండ్రులు, టీచర్లు కలిసి ఒకసారి చూసుకోవాలని అంటున్నాం.

మన ఇళ్లలో ఫోను పిల్లలది కాదు. నాన్నదో అన్నదో అయి ఉంటుంది. అందులోని జీమెయిల్ అకౌంటూ వాళ్లదే. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ముగ్గురి ప్రశ్నలూ ఆ ఒక్క అకౌంటులోకే చేరతాయి. 18 ఏళ్లలోపు వారికి వయసును, ఆసక్తులను బట్టి ప్రకటనలు చూపబోమని గూగుల్ 2021లో ప్రకటించింది. మంచి మాటే. కానీ ఆ రక్షణ దక్కేది పిల్లల వయసుతో నడిచే అకౌంటుకే. నలభై రెండేళ్ల నాన్న అకౌంటులో ఏడో తరగతి అమ్మాయి అడిగినది, కంపెనీ లెక్క ప్రకారం నలభై రెండేళ్ల మగమనిషి అడిగినదే. బడిలోనూ ఇదే తంతు. పొద్దున హెచ్‌ఎం గారి మెయిల్ తెరిచి అలాగే వదిలేస్తే, సాయంత్రం దాకా తరగతి మొత్తం వెతికినది ఆయన ఖాతాలో జమ అవుతుంది.

పిల్లలు అడిగేవి కొల్లేరు పక్షులు, కాకతీయుల కోటలే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. పెద్దవాళ్లను నోరు తెరిచి అడగలేనివే వాళ్లు అక్కడ అడుగుతారు. మొదటి నెలసరి గురించి, తాగి వచ్చే తండ్రి గురించి, ఒంటి మీద వచ్చిన తెల్లమచ్చ గురించి. మన కుటుంబాలకు ప్రత్యేకమైనవి ఇంకొన్ని: 2006 నాటి చట్టం ఉండగా తమిళనాడులో తమిళం పేపరు నుంచి మినహాయింపు దొరుకుతుందా, ఆంధ్రలో తీసుకున్న కుల ధ్రువపత్రం ఇక్కడ చెల్లుతుందా, ఫీజు బాకీ ఉంటే టీసీ ఇస్తారా. వీటన్నిటినీ ఒకచోట పేరిస్తే ఆ ఇంటి గుట్టంతా అందులో ఉంటుంది. మర్నాడు అదే ఫోనులో అన్న రెండక్షరాలు కొట్టగానే చెల్లెలి పాత ప్రశ్న కింద జాబితాలో కనిపిస్తుంది. ఎక్కడో అమెరికాలోని కంపెనీ కన్నా ఆ పిల్లకు ఇదే పెద్ద భయం. నాలుగు తెలుగు కుటుంబాలున్న వీధిలో మాట దాగదని మనకు తెలుసు.

పేరు లేకుండా వెతికితే చాలు కదా అనుకుంటాం. 2006లో అమెరికాలో ఏఓఎల్ కంపెనీ పరిశోధకులకు పనికొస్తుందని సుమారు ఆరున్నర లక్షల మంది వెతుకులాటలను పేర్లు తీసేసి, వాటి స్థానంలో అంకెలు వేసి బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక అంకె వెనక ఉన్న పెద్దావిడ ఎవరో కనిపెట్టి ఆమెతో మాట్లాడారు. ఆమె వెతికిన మాటలే ఆమె ఆచూకీ చెప్పాయి.

మన దేశంలో ఈ విషయంలో చట్టం లేకపోలేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన న్యాయమూర్తి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూసింది. వాళ్ల నడవడికను వెంటాడి గమనించడం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలివ్వడం కూడదని, కొన్ని మినహాయింపులతో, చెప్పింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు ఏడాదిన్నర గడువు ఇచ్చారు. అయితే ఎంత మంచి చట్టమైనా నాన్న అకౌంటులో కూర్చున్న పిల్లను పోల్చుకోలేదు. అది మన చేతిలోని పని.

గూగుల్ కాక వేరేవి ఉన్నాయా అంటే ఉన్నాయి. 2008లో మొదలైన డక్‌డక్‌గో, ఐరోపాలో నెదర్లాండ్స్ నుంచి నడిచే స్టార్ట్‌పేజ్, 2021లో వచ్చిన బ్రేవ్ సెర్చ్ మూడూ మనిషి వారీగా చరిత్ర దాచబోమన్న మాట మీద నడుస్తున్నాయి. ఫ్రాన్సు వారి క్వాంట్ కూడా ఉంది కానీ మన అవసరానికి ఈ మూడు చాలు. ఊరికే ఎలా ఇస్తారని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. వీళ్లూ ప్రకటనల మీదే బతుకుతారు. అయితే సైకిల్ అని కొడితే సైకిల్ ప్రకటన చూపి ఊరుకుంటారు. అడిగింది ఎవరు, నిన్న ఏమడిగారు అన్నది రాసుకోరు. వీధి చివర కొట్టులో నగదిచ్చి సబ్బు కొన్నవాడి పేరు ఖాతా పుస్తకంలో ఎక్కదు, ఇదీ అంతే.

వీళ్లూ గంగిగోవులేమీ కారు. డక్‌డక్‌గో ఫలితాల్లో పెద్ద భాగం మైక్రోసాఫ్ట్ వారి బింగ్ నుంచి వచ్చేదే. దాని సొంత బ్రౌజరులో మైక్రోసాఫ్ట్ ట్రాకర్లు కొన్నిటిని అడ్డుకోకుండా వదిలేశారని 2022లో ఒక పరిశోధకుడు బయటపెట్టాక, విమర్శలు వచ్చాక, ఆ ఏడాదే సరిచేశారు. స్టార్ట్‌పేజ్‌లో ఒక అమెరికా ప్రకటనల కంపెనీ పెట్టుబడి ఉన్న సంగతి 2019లో తెలిసి చాలామంది గొణిగారు. అయినా ఆరా తీసేవాళ్లున్నారు, బయటపడితే జవాబు చెప్పక తప్పడం లేదు.

అసలు చిక్కు తెలుగుతో. ఆ మాట దాచడం వల్ల లాభం లేదు. ఇంగ్లిషులో కొడితే వీటికీ గూగుల్‌కూ బడి అవసరాల మేరకు పెద్ద తేడా కనిపించదు. తెలుగులో కొడితే కనిపిస్తుంది. మన భాషలో విభక్తి మాటకు అతుక్కుని వస్తుంది. ‘కొల్లేరులో’, ‘కొల్లేటికి’, ‘కొల్లేటి’ అన్నవన్నీ ఒకటేనని యంత్రానికి తెలియాలి, సంధి కలిస్తే మరీ కష్టం. దీనికి మేము చెప్పే ఉపాయం వ్యాకరణం పీరియడులోనే దొరుకుతుంది. ప్రశ్నను వాక్యంగా కాక విభక్తులు తీసేసి మూలపదాలుగా కొట్టమనాలి. ‘కొల్లేరులో ఏ పక్షులు ఉంటాయి’ బదులు ‘కొల్లేరు పక్షులు’. ఆరో తరగతి వాళ్లకు విభక్తి ప్రత్యయాలు నేర్పడానికి ఇంతకన్నా మంచి సాకు ఉండదు. తెలుగులో ఇంకా పట్టుబడకపోతే స్టార్ట్‌పేజ్‌లో చూడమనండి. అది గూగుల్ ఫలితాలను తెచ్చి ఇస్తుంది, అడిగినవారెవరో మాత్రం గూగుల్‌కు చెప్పదు. ఒకటి గుర్తుంచుకోవాలి, ఇవి మనం ఫలానా ఊళ్లో ఉన్నామని సరిగ్గా లెక్కగట్టి జవాబివ్వకపోవచ్చు. ‘స్కాలర్‌షిప్’ అని వదిలేయకుండా ‘కృష్ణగిరి జిల్లా’ అనో ‘గంజాం’ అనో మనమే చేర్చాలి.

ఇంకో సంగతి, సగం వెతుకులాటలకు అసలు సెర్చ్ ఇంజనే అక్కర్లేదు. తిక్కన గురించి కావాలంటే నేరుగా తెలుగు వికీపీడియాకు వెళ్లవచ్చు. మాటకు అర్థం కావాలంటే విక్షనరీ ఉంది, ఆంధ్రభారతి సైటులో పాత నిఘంటువులన్నీ ఒకేచోట వెతికే వీలుంది. వికీపీడియాలో ప్రకటనలుండవు. బడి కంప్యూటరు తెరపై ఈ మూడు గుర్తులు పెట్టిస్తే పిల్లలు దారిలో తప్పిపోయే అవకాశం కూడా తగ్గుతుంది.

ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిస్తే చాలదా అని చాలామంది టీచర్లు అడుగుతుంటారు. అది ఆ ఫోనులో చరిత్ర మిగలకుండా చూస్తుంది, అన్నకు చెల్లెలి ప్రశ్న కనిపించదు, అంతవరకు మేలే. బయట కంపెనీకి కనిపించకుండా ఆపడం దాని పని కాదు. దాని మీద అమెరికాలో నడిచిన దావాలో రాజీపడి, అలా పోగుచేసిన కోట్లాది రికార్డులను చెరిపేయడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది. అలాగే సెర్చ్ ఇంజన్ మార్చినంత మాత్రాన అన్నీ మూసుకోవు. నొక్కి వెళ్లిన సైటు మనల్ని గమనించవచ్చు, ఏ సైటుకు వెళ్లామో నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. తలుపుకు గడియ పెడుతున్నాం, కోట కట్టడం లేదు.

మా అభిప్రాయం ఇది. బడి కంప్యూటర్లలో మొదట తెరుచుకునేది డక్‌డక్‌గో కావాలి. అందులోనూ సేఫ్ డాట్ డక్‌డక్‌గో డాట్ కామ్ అనే చిరునామా పెడితే అశ్లీల ఫలితాలను గట్టిగా వడకట్టే అమరిక దానంతటదే ఉంటుంది. ఆ వడపోత తెలుగు మాటలను ఇంగ్లిషు మాటలంత బాగా పట్టుకుంటుందని మేము నమ్మం, కాబట్టి చిన్న తరగతుల పక్కన టీచరు కూర్చోవలసిందే. గూగుల్‌ను నిషేధించనక్కర్లేదు, అవసరమైతే లాగవుట్ చేసి వాడుకోవచ్చు. ఇంట్లో తల్లిదండ్రులు క్రోమ్‌లో పైనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజన్ దగ్గర మార్చుకోవచ్చు. పోటీ కమిషన్ జరిమానా వేశాక, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో మొదట్లోనే ఏ సెర్చ్ ఇంజన్ కావాలో అడుగుతామని 2023 జనవరిలో గూగుల్ ప్రకటించింది. కానీ మన ఊళ్లలో కొత్త ఫోను మొదట తెరిచేది కొట్టు కుర్రాడు. ఆ ప్రశ్న వస్తే అతనే ఏదో ఒకటి నొక్కేసి పెట్టె చేతికిస్తాడు. తర్వాతి ఫోను కొన్నప్పుడు ఆ పని మీరే చేసుకోండి.

కర్ణాటకలో ఎస్‌డీఎంసీ, మిగతా చోట్ల ఏ పేరున్నా, బడి కమిటీ తర్వాతి సమావేశంలో దీన్ని ఒక అంశంగా పెట్టాలి. ఎవరి మెయిలుతో బడి కంప్యూటర్లు నడుస్తున్నాయి, సాయంత్రం లాగవుట్ ఎవరు చేస్తారు అన్నది పేరు పెట్టి తేల్చాలి. కంప్యూటరుకు ఐదు నిమిషాల పని, ఫోనుకు అంత కూడా పట్టదు. తల్లిదండ్రుల మీటింగుకు పంపే చీటీలో ‘ఫోను తీసుకురండి’ అని ఒక ముక్క రాయండి, పదో తరగతి పిల్లలే వరసగా కూర్చుని మార్చిపెడతారు.