శ్రీహరికోట పాత కాపురస్తులు

ఈ శీర్షికలో ఎప్పుడూ వడ్డీలు, నామినేషన్లు, వీలునామాల సంగతులే రాస్తూంటాను. బ్యాంకు ఉద్యోగి అంతకంటే ఏం రాస్తాడని మీరూ సరిపెట్టుకుంటూ వచ్చారు. ఈసారి కూడా లెక్క గురించే చెబుతాను. కాకపోతే అది ఏ పుస్తకంలోనూ సరిగ్గా ఎక్కని లెక్క.

రాకెట్ ఎగిరే రోజున మన మనలిలో, తిరువొత్తియూరులో, ఎన్నూరులో పిల్లాపెద్దా మేడలెక్కి ఉత్తరం వైపు చూస్తూంటారు. మబ్బు లేకపోతే నిప్పుతోక బాగానే కనిపిస్తుంది. మద్రాసుకి 80 కిలోమీటర్ల దూరంలో వున్న శ్రీహరికోట అంటే మన పిల్లలకి రాకెట్ల వూరు. 2023 జూలై 14న చంద్రయాన్-3 అక్కడి నుంచే లేచిందని రెండో తరగతి పిల్లవాడు కూడా చెప్పేస్తాడు. రాకెట్లకి ముందు అక్కడ ఏముండేదని అడిగితే మాత్రం పెద్దవాళ్ళం కూడా తడుముకుంటాం.

అడవి వుండేది. ఒకపక్క పులికాట్ సరస్సు, ఇంకోపక్క సముద్రం, నడుమ తాళ్ళూ, చింతలూ, నేరేళ్ళూ, బెత్తం పొదలూ. ఆ అడవిలో యానాదులు వుండేవారు. వాళ్ళ మాతృభాష తెలుగు. ఉత్తరాన నల్లమలలో చెంచులు ఎలాగో, దక్షిణపు కోస్తాలో యానాదులు అలాగ. నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాలు వీళ్ళకి ముఖ్యమైన చోట్లు. 2011 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 5 లక్షలకు పైగా వున్నారు. పేరుకి అర్థం చెప్పేవాళ్ళు ‘అనాది’ నుంచి వచ్చిందంటారు. అది నిజమో కాదో భాషాశాస్త్రజ్ఞులు తేల్చాలి గాని, వినడానికి న్యాయంగానే వుంటుంది.

ఎగ్మూరు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి దక్షిణాది కులాల మీద, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు ప్రచురించాడు. ఏడో సంపుటంలో యానాదుల గురించి వివరంగా వుంది. ఆ దొరల రాతలో మనకి నచ్చని మాటలు చాలా వుంటాయి. ముక్కు కొలతలు, తల కొలతలు అప్పటి పిచ్చి. అవి తీసేసి చదివితే, వీళ్ళు రోజు ఎలా గడుపుకునేవారో చక్కగా తెలుస్తుంది.

తాటాకుతో వేసిన చిన్న గుడిసె. వాకిలి ఎంత కిందికి వుంటుందంటే దాదాపు పాకుతూ లోపలికి వెళ్ళాలి. సామాను ఓ నాలుగు కుండలు, ఒక కత్తి, ఒక వల. పొద్దున లేచి ఆడా మగా కలిసి అడవికి పోతారు. తేనె, కుంకుడుకాయలు, ముష్టిగింజలు, చింతపండు, బెత్తం తెస్తారు. వేసవిలో మనం తాగే నన్నారి షర్బత్తుకి మూలం సుగంధిపాల వేరు. ఆ వేరు తవ్వేది వీళ్ళే. నూలుబట్టకి చక్కని ఎరుపు ఎక్కించే చిరివేరు అని ఇంకొకటుంది. తమిళులు సాయవేరు అంటారు. సన్నని దారాల్లాంటి ఆ వేళ్ళని ఇసకలోంచి తెగకుండా లాగడం అందరికీ చేతనయ్యే పని కాదు. కోస్తా అద్దకం బట్టలు ఓడలెక్కి విదేశాలకు పోయిన కాలంలో ఆ ఎరుపు వెనకాల ఇలాంటి చేతులు ఎన్ని వున్నాయో ఎవరూ లెక్క రాయలేదు.

నీళ్ళలో దిగితే చేత్తోనే చేప పడతారు. పొలంలో ఎలకల బొరియ కనిపిస్తే, అడుగున చిల్లి వున్న కుండలో ఎండుగడ్డి కుక్కి, నిప్పంటించి, నోరు బొరియకు ఆనించి చిల్లిలోంచి ఊదుతారు. పొగకి ఎలకలు చిక్కుతాయి. అవి దాచుకున్న వడ్లూ బయటపడతాయి. రైతుకి పంట మిగులుతుంది, వీళ్ళకి ఆ పూట గడుస్తుంది. ఏ మందూ చల్లకుండా జరిగే చీడ నివారణ ఇది.

ఇక ఇంటి సంగతులు. పిల్లా పిల్లవాడూ ఇష్టపడితే పెళ్ళి. కట్నం మాట లేదు. మొగుడు పోయిన మనిషి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే తప్పు పట్టేవాళ్ళు లేరు. వీరేశలింగం పంతులుగారు 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించడానికి ఎన్ని అవస్థలు పడ్డారో మన అందరికీ తెలుసు. ఆ హక్కు యానాది గుడిసెల్లో అప్పటికే మామూలు విషయం. నాగరికత ఎవరిదో మీరే చెప్పండి.

మనలికీ శ్రీహరికోటకీ రాకెట్టు కంటే పాత చుట్టరికం ఒకటుంది. అది మన పక్కనే నల్లబడి పారుతున్న బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వడంతో మొదలై, 1877-78 కరువు పనుల్లో బాగా సాగి, అప్పటి గవర్నరు పేరు పెట్టుకుంది. దీవి అడవిలో కొట్టిన వంటచెరకు ఈ కాలువలో పడవల మీద మద్రాసుకి వచ్చేది. గ్యాసు పొయ్యిలు రాకముందు ఈ పట్నంలో ఉడికిన సాంబారులో ఆ అడవి సెగ కొంత వుంది.

మన రిఫైనరీ పని మొదలుపెట్టిన 1969లోనే రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటని ఎంపిక చేశారు. కారణాలు సరైనవే. భూమధ్యరేఖకి దగ్గర, తూర్పున సముద్రం, జనం పెద్దగా లేని చోటు. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణిని కక్ష్యలో పెట్టినప్పుడు దేశమంతా పొంగిపోయింది. నేనూ ఆ గర్వంలో భాగస్వామినే. కానీ ‘జనం పెద్దగా లేని చోటు’ అన్నప్పుడు లెక్కకి రాని ఆ కొద్దిమందిలో యానాదులున్నారు. పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరికి కొత్త కేంద్రంలో కూలిపనులు దొరికాయి. చాలామంది సరస్సు దాటి సూళ్ళూరుపేట, తడ వైపు చేరారు. పట్టా వున్నవాడికి పరిహారం లెక్క కట్టడం తేలిక. ఏ చెట్టు ఏ నెలలో కాస్తుందో తెలిసిన మనిషికి ఆ తెలివి పోయినందుకు ఎంత కట్టాలి? దానికి ఏ ఫారంలోనూ కాలమ్ లేదు.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. 1997లో సూళ్ళూరుపేట దగ్గర ఒక చిన్న బ్రాంచిలో పనిచేసేవాణ్ణి. అప్పట్లో ఐ.ఆర్.డి.పి. పథకం నడుస్తూండేది. గిరిజనులకి అప్పులో సగం, 6000 రూపాయలకి మించకుండా, సబ్సిడీ. వలల కోసం అర్జీ పెట్టుకున్న ఒక యానాది పెద్దమనిషి గుడిసెకి విచారణకి వెళ్ళాను. దీవిలో పుట్టి, పాతికేళ్ళ వయసులో ఒడ్డుకి వచ్చిన మనిషి. ఫారంలో ఆస్తుల కాలమ్ దగ్గర ఆగి, ఏమేం వున్నాయని అడిగాను.

“ఏముండాయి సామీ, ఈ కుండలే గదా,” అని నవ్వాడు.

నేను ‘లేవు’ అని రాసి సంతకం పెట్టాను. ఆ కాలమ్‌లో రాయగలిగింది అంతే. తర్వాత బస్సు రోడ్డు దాకా నాతో నడిచి వచ్చాడు. ఆ కిలోమీటరు దారిలో కనిపించిన ప్రతి మొక్కకీ పేరు చెప్పాడు. ఇది గాయానికి, ఇది పసిబిడ్డ కడుపునొప్పికి, ఇది గొడ్డు తింటే పాలు చేదెక్కుతాయి, ఇక్కడ తడి ఇసక కాబట్టి జానెడు తవ్వితే మంచినీళ్ళు. బికాంలో నేను నాలుగేళ్ళ కిందట చదివినవాటిలో సగం అప్పటికే మరిచిపోయాను. ఆయన చదువు ఒక్క ముక్క పోలేదు.

“దీవిలో అయితే ఇంకా శానా వుండాయి సామీ. మా పిలకాయలకి సూపిద్దామంటే ఇప్పుడు లోపలికి బోనీరు గదా,” అన్నాడు. కోపంగా అనలేదు, రేపు వాన పడుతుందేమో అన్నట్టు అన్నాడు. వలలు వచ్చాయి. చేపలు బాగా పడిన వారాల్లో వచ్చి కిస్తీ కట్టేవాడు, రసీదు మడిచి తలపాగాలో పెట్టుకునేవాడు.

ఇలాంటి మనిషిని పాత ప్రభుత్వాలు ఏ పద్దులో రాశాయో చూడండి. నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశాక, కొన్నిచోట్ల యానాదులని ఆ జాబితాలో ఎక్కించారు. చిత్రమేమిటంటే అదే జిల్లాల్లో రైతులు పంటకీ ధాన్యానికీ కాపలా పెట్టుకున్నది యానాదులనే. కాగితం మీద దొంగ, కళ్ళంలో కాపలాదారు! నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఈ అన్యాయం మీద జీవితమంతా పనిచేశారు. 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో పోయింది. తర్వాత యానాదుల కోసమే నెల్లూరులో ఐ.టి.డి.ఎ. కూడా వచ్చింది.

చట్టం పోయినా అప్పు పోలేదు. ఇటుక బట్టీలకీ, రైసు మిల్లులకీ ‘అడ్వాన్సు’ ఇచ్చి కుటుంబాన్ని తీసుకుపోతారు. పుస్తకం యజమాని దగ్గర వుంటుంది. కూలి ఎంత జమ అయిందో, వడ్డీ ఎంత పడిందో పనిచేసేవాడికి తెలియదు. మన తిరువళ్ళూరు జిల్లాలోనే ఇలాంటి చోట్ల నుంచి ఇరుళర్ కుటుంబాలని అధికారులు విడిపించిన వార్తలు మీరు ఎన్నోసార్లు చదివే వుంటారు. ఒక్క వైపు మాత్రమే రాసే ఖాతా ఎప్పటికీ తీరదని కామర్స్ చదవని వాళ్ళకి కూడా తెలుసు.

రెండో వైపు రాస్తే ఏమవుతుందో చూపించింది కూడా ఆ ఇరుళర్లే. జీవనంలో యానాదులకి దగ్గరివాళ్ళు, పాములు పట్టడంలో సాటిలేనివాళ్ళు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పాముతోళ్ళ వ్యాపారం ఆగిపోయి తిండికి కటకటలాడారు. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో వాళ్ళకి ఒక సహకార సంఘం ఏర్పడింది. మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర నేటికీ వుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి — ఈ నాలుగింటినీ పట్టి, కొద్ది వారాలు వుంచి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. ఆ సంఘం మనుషులు వడివేల్ గోపాల్, మాసి సడయన్ 2017లో కొండచిలువలు పట్టడానికి అమెరికాలోని ఫ్లోరిడా దాకా వెళ్ళివచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. తెలివి పాతదే. దానికి ఒక ఖాతా, ఒక ధర, ఒక రసీదు కొత్తగా వచ్చాయి. తేడా అంతా అక్కడే.

శ్రీహరికోట చిరివేరుకి అలాంటి సంఘం రాలేదు. దీవి తిరిగి రాదు, రావాలని అడగడం కూడా సబబు కాదు. ఆ మనుషులు మాత్రం మన చుట్టుపక్కలే వున్నారు. గుమ్మిడిపూండి నుంచి ఇటు కట్టుబడి పనుల్లో, రొయ్యల చెరువుల మీద తెలుగు మాట్లాడే కూలివాళ్ళు కనిపిస్తే ఏ వూరని అడగండి. మన సంఘం పండగలకి రాని తెలుగువాళ్ళు వాళ్ళు.

నా వృత్తికి సంబంధించిన రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మీ దగ్గర పనిచేసేవారికి ఏ గుర్తింపు కాగితమూ లేకపోయినా బ్యాంకులో ‘స్మాల్ అకౌంట్’ తెరవచ్చు. ఫోటో, అధికారి ఎదుట పెట్టిన సంతకమో వేలిముద్రో చాలు. నిల్వ 50,000 రూపాయలు మించకూడదు, ఏడాదికి జమలు లక్ష దాటకూడదు, నెలకి 10,000 దాకా తీసుకోవచ్చు. అది 12 నెలలు నడుస్తుంది. ఈలోగా గుర్తింపు కాగితానికి దరఖాస్తు పెట్టినట్టు చూపిస్తే ఇంకో 12 నెలలు. కౌంటరులో కుదరదంటే మేనేజరుని అడగండి. రెండోది, అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపడేసిన అప్పు 1976 చట్టం ప్రకారం అప్పే కాదు. కలెక్టరుకో, ఆర్.డి.ఓ.కో ఒక అర్జీ రాసిపెట్టినా మేలు చేసినవారవుతారు.

డబ్బు ఖర్చు లేని సాయం మరొకటుంది. మన ఇళ్ళలో తల దువ్వుకోని పిల్లల్ని “యానాది వెధవా” అని తిట్టడం ఇంకా వింటూనే వున్నాను. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో ఇది మరీ ఎక్కువ. పొరుగువారి జాతి పేరు మన నోట్లో తిట్టుగా వుండడం తెలుగుకి అందం కాదు. ఆ మాటకి అసలు అర్థం ఏమిటో ఈ సెలవుల్లో పిల్లలకి చెప్పండి. చిరివేరు సంగతి, కుండతో పొగపెట్టే సంగతి కూడా చెప్పండి. రాకెట్ కథ కంటే శ్రద్ధగా వింటారు, కావలిస్తే చూడండి.