బక్క పోరల కూత: మూడు ఊళ్ల కబడ్డీ అభిమానుల ప్రణాళిక

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోనూ వాటి చుట్టుపక్కల పల్లెల్లోనూ కబడ్డీ చూసేవాళ్లం, ఒకప్పుడు ఆడినవాళ్లం, ఇప్పుడు పిల్లల్ని ఆడిస్తున్నవాళ్లం కలిసి ఈ ప్రణాళిక రాసుకున్నాం. కూతకెళ్లే కుర్రాడు పైకొస్తాడా రాడా అన్నది కాంటా మీద తేల్చకూడదు. గీత దాటాక ఆ ముప్ఫై సెకన్లలో వాడేం చేస్తున్నాడో లెక్కగట్టాలి. కనీసం రెండేళ్లు కడుపునిండా తిండి పెట్టి, మ్యాటు మీద ఆడనిచ్చి, గట్టి జట్లతో తలపడనిచ్చి, అప్పుడు తేల్చాలి. మేం కలిసింది ఇందుకే.

సంక్రాంతికి మన ఊళ్లలో పోటీలు ఎలా జరుగుతాయో అందరికీ తెలుసు. ట్యూబులైట్లు కట్టి, మట్టి చదును చేసి, సున్నంతో గీతలు గీస్తారు. ఏటా ఏదో ఒక ఊరి జట్టులో ఒక బక్క పోరడు కనిపిస్తాడు. ఒంట్లో కండ ఉండదు, కాళ్లు మాత్రం ఆగవు. వాడు రెండు బోనస్‌లు తెచ్చేసరికి గట్టు మీద వాదన మొదలవుతుంది. "గీ బక్కోడు ప్రో కబడ్డీల ఏం నిలబడతడు? ఒక్క పట్టుకే ఎత్తి అవతల పడేస్తరు" అని ఒకాయన అంటాడు. "ముందుగాల దొరకబట్టమను, ఎత్తుడు తర్వాత సంగతి" అని పక్కాయన. ఆ వాదన టీ కొట్టు దాకా పోతుంది, మర్నాడు బస్సులోనూ సాగుతుంది. ఈలోగా ఆ పోరడికి ఇరవై ఏళ్లొస్తాయి. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోయడానికో, హైదరాబాదులో బండి మీద పార్సిళ్లు అందించడానికో పోతాడు. వాడు ఎన్ని కూతలు కూశాడో, ఎన్నింట్లో పాయింట్ తెచ్చాడో ఎవరి దగ్గరా ఒక్క కాగితం ఉండదు. ఇరుపక్షాలూ గొంతు చించుకున్నది లెక్క లేని ఆట గురించి.

బరువు అక్కర్లేదని మేం అనడం లేదు. నడి గీతకు అడుగు దూరంలో నలుగురు మీద పడ్డప్పుడు బరువున్నవాడు వాళ్లను ఈడ్చుకుంటూ చెయ్యి చాపి గీత అందుకుంటాడు, బక్కవాడు అక్కడే ఆగిపోతాడు. 2019 ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు పెట్టింది ఆ బలం చూసే. రెండు ఖాళీ కూతల తర్వాత వచ్చే డూ ఆర్ డైలో పాయింట్ లేకుండా తిరిగొస్తే అవుటే కాబట్టి, ఎదుటివాళ్లు లోపలికి రమ్మని ఊరికే నిలబడతారు. అప్పుడు తప్పించుకు తిరిగే నేర్పు ఒక్కటే చాలదు. ఈ మాట అనేవాళ్లు మాకు శత్రువులు కారు. వాళ్లు కూడా ఈ కూటమిలో ఉండాలి.

కానీ మైదానం కొలతలు ఒకసారి చూడండి. పెద్ద మగవాళ్ల ఆటలో నడి గీత నుంచి వెనక గీతకు ఆరున్నర మీటర్లు. నడి గీతకు 3.75 మీటర్ల దూరంలో కూతకెళ్లినవాడు దాటాల్సిన బాక్‌లైన్, దానికి ఇంకో మీటరు అవతల బోనస్ గీత. బోనస్ గీతకూ వెనక గీతకూ మధ్య మిగిలేది 1.75 మీటర్లే. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే బోనస్ ఇస్తారు. అంటే అంతమంది ఉన్న ఇరుకులోకి పోయి, ఎడమ కార్నర్ వాడి మోకాలు ముందుకు వంగే లోపల కుడి పాదం ఆ గీత అవతల ఆనించి, రెండో పాదం నేల మీద నుంచి లేపి, నడుము తిప్పి వెనక్కి రావాలి. కవర్ వాడు డ్యాష్‌కి వస్తుంటే భుజం దించి వాడి చంక కిందుగా జారాలి. ఈ పని చేసే పాదం ఎన్ని కిలోల మనిషిదని గీత అడగదు. మన పోరల్లో ఈ పని బూట్లు లేకుండా, మట్టిలో చేసేవాళ్లున్నారు. మేం చూశాం.

నవీన్ కుమార్ సంగతి ప్రో కబడ్డీ చూసేవాళ్లందరికీ తెలుసు. 2018లో దబంగ్ ఢిల్లీ తరఫున దిగినప్పుడు పద్దెనిమిదేళ్ల సన్నటి కుర్రాడు. మరుసటి సీజన్‌లో వరుసగా ఇరవైకి పైగా మ్యాచ్‌లలో పదికి తగ్గకుండా పాయింట్లు తెచ్చాడు. పట్టు పడేలోపే చేత్తో తాకి వెనక్కి వచ్చేయడం అతని ఆట. వేరే లోకం నుంచి ఒక మాట చెప్పాలంటే, ఐస్ హాకీ కూడా ఒంటికి ఒళ్లు ఢీకొట్టుకునే ఆటే. అందులో మార్టిన్ సెయింట్ లూయిస్ అనే ఫార్వర్డ్ ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు. పొట్టివాడని, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. 2004లో టాంపా బే లైట్నింగ్ స్టాన్లీ కప్ గెలిచిన ఏడాది, లీగ్ మొత్తానికి మేటి ఆటగాడి బహుమతి అతనికే దక్కింది. ప్రతి బక్క పోరడూ నవీన్ అవుతాడని ఇందులో రుజువేమీ లేదు. తేల్చేముందు ఆడనివ్వాలని మాత్రం ఉంది.

ఇక మాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాం. మన పిల్లల్లో కొందరు బక్కగా పుట్టలేదు, మనమే బక్కగా ఉంచుతున్నాం. సబ్ జూనియర్ పోటీలకు పదహారేళ్లు, 55 కిలోలు హద్దుగా పెడుతూ వచ్చారు. జూనియర్ బాలురకు ఇరవయ్యేళ్లు, 70 కిలోలు. పెద్ద మగవాళ్లకు 85. పదిహేనేళ్ల పిల్లాడు ఎదిగి 57కి వచ్చాడనుకోండి, వాణ్ని 55లో ఆడిస్తే జట్టు గెలుస్తుందని అందరికీ ఆశ. పోటీకి ముందు రాత్రి అన్నం మాన్పిస్తారు. తెల్లవారుజామున స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడిగి చెరువుకట్ట మీద పరుగెత్తిస్తారు. దప్పికంటే నీళ్లు పుక్కిలించి ఉమ్మేయమంటారు. పెదాలు ఎండిపోయి, బనీను కూడా విప్పేసి పిల్లాడు కాంటా ఎక్కుతాడు. ముల్లు 55 దగ్గర ఆగితే చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ మధ్యాహ్నం వాడు కళ్లు తిరుగుతుండగా కూతకెళ్తాడు. ఇలా రెండేళ్లు గడిచాక, ఎముక పొడవు సాగే వయసులో తిండి మాన్పించిన ఆ పిల్లాణ్ణే "సైజు లేదు, పనికిరాడు" అంటారు.

ఇంకో అన్యాయం కూడా ఇందులోనే ఉంది. నిజంగా 50 కిలోలుండే పోరడు ఈ పోటీలో తలపడేది తన ఈడు బరువు వాళ్లతో కాదు, అరవై నుంచి దించి తెచ్చినవాళ్లతో. కాంటా దిగి రెండు పూటలు తింటే వాళ్ల బరువు మళ్లీ వాళ్లకొస్తుంది. మా బక్కోడు మాత్రం 50లోనే ఉంటాడు. అక్కడ ఓడితే "చూశారా, వాడి వల్ల కాదు" అని తీర్పు.

కాబట్టి ఈ కూటమిలో చేరే ప్రతి శిక్షకుడూ, ప్రతి పీఈటీ సారూ, ప్రతి అన్నా ఒక మాట ఇవ్వాలి. బరువు కోసం ఏ పిల్లాడికీ నీళ్లు ఆపం, అన్నం ఆపం. 55 దాటినవాణ్ని దాటినట్టే ఒప్పుకొని పై విభాగంలో దించుతాం. అక్కడ ఓడితే ఓడనివ్వండి. ఈ మాట తప్పినవాళ్లు ఎంత పెద్ద ఆటగాళ్లయినా మా కూటమిలో ఉండరు. నెలకు వంద రూపాయల చొప్పున వేసుకునే చందాలో మొదటి ఖర్చు గుడ్లు, పాలు, పల్లీలకే. జెండాలకూ ఫ్లెక్సీలకూ అందులోంచి పైసా తీయం.

రెండో పని కూతల పుస్తకం. ప్రతి ఊరి పోటీలో ఇద్దరు కూర్చుని రాస్తారు. ఎన్ని కూతలు, ఎన్ని ఖాళీ, ఎన్ని బోనస్‌లు, ఎన్ని తాకుళ్లు, ఏ పట్టుకు దొరికాడు, నడి గీతకు ఎంత దూరంలో దొరికాడు, డూ ఆర్ డైలో ఏం చేశాడు, రెండో సగంలో కాళ్లు ఆడుతున్నాయా. పట్టేవాళ్ల లెక్క కూడా రాయాలి, వాళ్లను మనం మరీ మరచిపోతున్నాం. ఒకరు ఫోన్‌లో మ్యాచ్ మొత్తం తీయాలి, మెరుపులొక్కటే కత్తిరించి పెడితే ఎవరికీ ఉపయోగం లేదు. తొడ పట్టుకే పదిసార్లు దొరికిన పోరడికి పుస్తకమే చెబుతుంది ఏం నేర్చుకోవాలో. రెండేళ్ల పుస్తకం చూశాక కూడా లెక్క రాకపోతే, వాడి మొహం మీద నిజం చెప్పే ధైర్యం మాకు ఉండాలి. ఆ రోజు వాడికి డిగ్రీ చేతిలో ఉండాలి. అందుకే ఇంటర్, డిగ్రీ పరీక్షల రోజుల్లో మేం పోటీలు పెట్టం.

మట్టి మీద ఆడినవాడు మ్యాటెక్కితే మొదట జారతాడు, మోకాళ్లు చీరుకుపోతాయి, మలుపు దగ్గర పాదం ఇరుక్కుంటుంది. సెలక్షన్ రోజునే మ్యాటు మొదటిసారి చూసిన పోరడికి అదేం పరీక్ష? మూడు ఊళ్లకు కలిపి ఒక్క మ్యాటైనా సంపాదించి, నెలకో ఊళ్లో పరుస్తాం.

చూసేవాళ్ల గురించి కూడా చెప్పాలి. 2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జూనియర్ జాతీయ కబడ్డీ పోటీలు మొదలయ్యే సాయంత్రం తాత్కాలిక గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. దేశం నలుమూలల నుంచి పిల్లలు మన ఊరికి ఆడటానికి వచ్చిన రోజు అది. ఆ దెబ్బలు తిన్నవాళ్లు మనవాళ్లే, ఆటంటే ప్రాణం పెట్టి వచ్చినవాళ్లే. ఇంజనీరు చూసి సంతకం పెట్టని గ్యాలరీ మీద మా సభ్యులెవరూ కూర్చోరు, ఎవర్నీ కూర్చోనివ్వరు. అంబులెన్స్ లేని చోట మ్యాచ్ మొదలు కానివ్వం.

డబ్బిస్తే జట్టులో చోటిప్పిస్తామని తండ్రుల చుట్టూ తిరిగేవాళ్లున్నారు. పొలం కుదువ పెట్టి ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అలాంటి మాట వినబడితే మాకు చెప్పండి, ఆ ఇంటికి మేమే వచ్చి కూర్చుంటాం.

ఆడపిల్లల కూత గురించి వేరే పేజీ పెట్టలేదు, మైదానం కొలతలూ బరువు హద్దులూ తప్ప పైన రాసిందంతా వాళ్లకూ వర్తిస్తుంది కాబట్టి. ప్రో కబడ్డీ వాళ్లు 2016లో మూడు జట్లతో మహిళల పోటీ ఒకటి పెట్టి ఆపేశారు. అది మళ్లీ మొదలవ్వాలని అడిగేవాళ్లలో మేం ముందుంటాం.

తెలుగు టైటాన్స్‌కు ఒక విన్నపం. 2023లో పవన్ సెహ్రావత్ కోసం మీరు 2.605 కోట్లు పెట్టారు. గొప్ప ఆటగాడు, మేమంతా అతని కోసం అరిచాం. ఆ సీజన్‌లో జట్టు పట్టికలో అట్టడుగున మిగిలింది. ఒక్కడి భుజాల మీద జట్టు నిలబడదని మీకు మేం చెప్పక్కర్లేదు. సెలక్షన్లకు హైదరాబాదు రమ్మనడంతో పాటు, ఏడాదికి ఒక్కసారి మీ మనిషిని హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి మీదకు పంపండి. విజయవాడ బస్సెక్కితే సూర్యాపేట, ఆ తర్వాత కోదాడ, దారి కష్టమేమీ కాదు. కూతల పుస్తకాలు మేం బల్ల మీద పరుస్తాం, మీరు చూసి అడిగిన పోరణ్ని మ్యాటు మీదకు దించుతాం.

కూటమికి పేరు ఇంకా పెట్టలేదు, అందరూ కూర్చున్నాక పెడదాం. వచ్చే సంక్రాంతి పోటీలతో పని మొదలవుతుంది. చేరేవాళ్లు మీ ఊరి పోటీ ఏ రోజో చెప్పండి. గీతలు గీసిన నోటుబుక్కు, చార్జింగ్ నిండా ఉన్న ఫోన్, పిల్లల కోసం ఒక డజను గుడ్లు తెచ్చుకోండి.