ఊరి వెల్డింగు షాపులో గ్యాసు బండ: లైసెన్సు లేదు, చూసే వాడూ లేడు

పత్తి తీతలు, మిరప కోతలు ముమ్మరమైతే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ట్రాక్టరు ట్రక్కు ఒక్క పూట ఆగినా రైతుకు నష్టమే. ఇరుసు విరిగినా, ట్రక్కు తలుపు కొక్కెం ఊడినా, గొర్రు వంగినా అందరూ పరుగెత్తేది రోడ్డు వార వెల్డింగు షాపుకే. పైన నాలుగు రేకులు, ఒక పక్క టీ కొట్టు, ఎదుట బస్సు స్టాపు. ఆ రేకుల కింద నిలబెట్టిన గ్యాసు బండల సంగతి మాత్రం ఎవరికీ పట్టడం లేదు.

2025 ఆగస్టు 7న విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు సమీపంలో ఒక వెల్డింగు షాపులో సిలిండరు పేలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పలువురు గాయపడ్డారు. విశాఖ వంటి మహానగరంలో అగ్నిమాపక దళం, పెద్దాసుపత్రి చేరువలో ఉంటాయి. మండల కేంద్రానికి పది మైళ్ల దూరాన ఉన్న ఊళ్లో ఇటువంటిది జరిగితే ఫైరింజను వచ్చేసరికి అంతా అయిపోతుంది. కనుక జాగ్రత్త పల్లెలోనే ఎక్కువ కావాలి. ఉన్నది మాత్రం పల్లెలోనే తక్కువ.

బండలో ఉన్నదేమిటి?

నల్ల రంగు బండ ఆక్సిజన్‌ది. ఇందులో గాలిని చదరపు సెంటీమీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడితో కుక్కుతారు. లారీ టైరులో ఉండే ఒత్తిడి 7 కిలోల ప్రాంతం. అంటే ఈ బండలో దానికి ఇరవై రెట్లు. బండ కింద పడి మెడ దగ్గర వాల్వు విరిగిందంటే, లోపలి గాలి ఒక్కసారిగా తన్నుకొచ్చి ఆ ఇనుప బండ గోడలను కూడా చీల్చుకుపోగలదు. అయినా ఆటోలోంచి పాత టైరు మీదికి బండను దొర్లించి దించడం ఎక్కడ చూసినా మామూలే.

మెరూను రంగు బండ ఎసిటిలిన్‌ది. దీని తీరు వేరు. లోపల గుల్లగా ఉండే పదార్థం నింపి, అందులో ఎసిటోన్ అనే ద్రవం పోసి, ఆ ద్రవంలో గ్యాసును కరిగిస్తారు. కనుక దీన్ని ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి. పడుకోబెట్టి వాడితే ద్రవం కూడా గొట్టంలోకి వస్తుంది. గేజి వద్ద ఒత్తిడి ఒక కిలో దాటనీయరాదు. అంతకు మించితే ఈ గ్యాసు గాలి సాయం లేకుండానే విచ్ఛిన్నమై పేలే స్వభావం కలది.

మూడవది వంటగ్యాసు. ఎసిటిలిన్ ఖరీదని పలుచోట్ల ఇనుము కోతకు దీన్నే వాడుతున్నారు. 19 కిలోల కమర్షియలు బండ వాడవలసి ఉండగా, ఇంట్లోని 14.2 కిలోల ఎర్ర బండను షాపుకు తెచ్చేవారు ఉన్నారు. ఇది చట్టరీత్యా నేరం. పైగా ఈ గ్యాసు గాలి కన్నా బరువైనది. కారితే పైకి పోదు, నేలను అంటిపెట్టుకుని పల్లంలో చేరుతుంది. ట్రాక్టరు కింద దూరి పనిచేయడానికి తవ్విన గుంత దానికి తగిన చోటు. ఆ గుంతలో పడే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎండ సంగతి

రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. 15 డిగ్రీల వద్ద 150 కిలోలు ఉన్న ఆక్సిజన్ ఒత్తిడి 45 డిగ్రీలకు 165 కిలోలు అవుతుంది. మంచి బండ దానికి తట్టుకుంటుంది. తుప్పు పట్టినది, దెబ్బలు తిన్నది, పరీక్ష గడువు దాటినది తట్టుకుంటుందని చెప్పలేం. ఆక్సిజన్ బండను అయిదేళ్లకు ఒకసారి నీటి ఒత్తిడితో పరీక్షించాలి. ఆ తేదీని బండ మెడ దగ్గర గుద్దుతారు. వంటగ్యాసు బండ మీద పరీక్ష గడువు ఒక అక్షరం, ఒక అంకెగా ఉంటుంది. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కనున్న అంకె సంవత్సరం. చదువు అంతగా రాని కుర్రవాడు కూడా దీన్ని చూసి తెలుసుకోగలడు. చూడాలని అతనికి చెప్పే వారు కావాలి.

దూదికి, ఆక్సిజన్‌కు పడదు

జిన్నింగు మిల్లులో మరమ్మతు వస్తే వెల్డింగు మేస్త్రీని బండలతో సహా మిల్లుకే పిలిపిస్తారు. అక్కడ నేల మీద, దూలాల మీద, మిషను సందుల్లో దూది పొట్టు పేరుకుని ఉంటుంది. కోత పనిలో లేచే రవ్వలు పది మీటర్ల దాకా పోగలవు. దూదిలో పడ్డ రవ్వ వెంటనే మండదు. లోలోపల రాజుకుని, మేస్త్రీ కూలి తీసుకుని వెళ్లిపోయిన తర్వాత మంటగా లేస్తుంది. కనుక పని ముగిసిన తర్వాత కనీసం అరగంట, గంట ఒక మనిషిని నీళ్ల బక్కెట్లతో అక్కడ కాపలా ఉంచవలసి ఉంది.

ఆక్సిజన్ స్వయంగా మండదు, మండేదాన్ని మాత్రం విపరీతంగా మండిస్తుంది. చెమట పట్టినప్పుడు, బట్టల మీది దుమ్ము దులుపుకోవడానికి ఆక్సిజన్ గొట్టాన్ని ఒంటి మీదికి తిప్పుకునే అలవాటు కొందరికి ఉంది. ఆ గాలి పీల్చుకున్న నూలు చొక్కా ఒక్క రవ్వకే భగ్గుమంటుంది. అలాగే వాల్వు బిగిసిందని గ్రీజు, నూనె పూయడం మరొక ప్రమాదం. అంత ఒత్తిడిలో ఆక్సిజన్ నూనెను తాకితే అగ్గిపుల్లతో పని లేకుండానే మంట పుట్టవచ్చు. ట్రాక్టరు మరమ్మతు చేసిన చేతులతోనే ఆక్సిజన్ పానా పట్టుకునే మన షాపుల్లో ఇది గమనించదగిన విషయం.

కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా

గుంటూరు చుట్టుపక్కల మిరప టిక్కీలు నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీల్లో చల్లదనానికి వాడేది అమ్మోనియా. తగ్గినప్పుడల్లా దాన్ని బండల్లో తెచ్చి నింపుతారు. లీకైతే ఘాటు వాసన ముందే హెచ్చరిస్తుంది. కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అప్పుడు గాలి వీచే దిశలో పరుగెత్తరాదు. గాలికి అడ్డంగా తప్పుకుని, ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని బయటపడాలి. కళ్లలో పడితే కనీసం పావుగంట నీళ్లతో కడగాలి. టిక్కీలు మోసే హమాలీలకు రెండవ దారి ఎటున్నదో సీజను మొదట్లోనే చూపించడం యాజమాన్యాల బాధ్యత.

చట్టం ఉంది, అందే చేయి లేదు

1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద కేంద్రం 2016లో గ్యాసు సిలిండర్ల నిబంధనలు తెచ్చింది. వీటిని అమలుపరిచే పెసో అనే సంస్థ ప్రధాన కార్యాలయం నాగపూరులో ఉంది. నిబంధనల ప్రకారం వంటగ్యాసు నిల్వ వంద కిలోలు మించకపోతే లైసెన్సు అక్కరలేదు. అంటే కమర్షియలు బండలు అయిదు దాకా పెట్టుకోవచ్చు. మన షాపుల్లో ఉండేవి రెండు, మూడు. కాబట్టి వీటిని తనిఖీ చేయడానికి వచ్చే వారు లేరు. అయితే మినహాయింపు లైసెన్సుకే గాని జాగ్రత్తకు కాదు. బండను పడవేయరాదు, మండే గ్యాసును ఇతర గ్యాసులకు దూరంగా గాని మధ్య గోడ కట్టి గాని ఉంచాలి, సైకిలు మీద, మోటారు సైకిలు మీద తీసుకుపోరాదు అన్న నిబంధనలు ఒక్క బండ ఉన్నవాడికీ వర్తిస్తాయి.

కార్మిక చట్టాల తీరూ ఇంతే. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త వృత్తి భద్రతా స్మృతి, కరెంటుతో నడిచే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్యను 10 నుంచి 20కి పెంచింది. ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రవాళ్లు ఉన్న షాపు దీని దరిదాపుల్లోకి రాదు. కాగా, ప్రమాదకరమైన పని జరిగే చోట ఒక్క కార్మికుడు ఉన్నా స్మృతిని వర్తింపజేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఆ స్మృతే ఇచ్చింది. ఆ అధికారాన్ని గ్యాసు కోత షాపులకు వాడవలసిన అవసరం కనిపిస్తున్నది.

అంతవరకు ఊళ్లో చేయగలిగినవి రెండు. ప్రమాదకర వ్యాపారాలకు లైసెన్సు ఇచ్చే అధికారం గ్రామ పంచాయతీకి ఉంది. రుసుము కట్టించుకుని రసీదు ఇవ్వడంతో సరిపెట్టక, బండలు ఎక్కడ నిలబెట్టారో కార్యదర్శి ఒకసారి చూసి సంతకం పెట్టవచ్చు. రెండవది, బండలు సరఫరా చేసే వ్యాను ప్రతి షాపుకూ వెళుతుంది. గడువు దాటిన బండను, గొలుసు లేని షాపును మొదట చూసేది ఆ వ్యాను మనిషే. సరఫరాదారులు అటువంటి చోట బండ దించబోమని పట్టుబడితే ఏ తనిఖీ అధికారీ చేయలేని పని వారం రోజుల్లో జరుగుతుంది.

షాపు యజమానులు పాటించవలసినవి

బండలను నీడలో, నిలువుగా, గోడకు గొలుసుతో కట్టి ఉంచాలి. ఖాళీవి వేరుగా పెట్టాలి. వాడనప్పుడు వాల్వు మూసి టోపీ బిగించాలి. వాల్వు తెరిచేటప్పుడు గేజికి ఎదురుగా కాక పక్కకు నిలబడి మెల్లగా తిప్పాలి. ఎసిటిలిన్ బండ తాళం పని జరిగినంతసేపూ బండ మీదే ఉండాలి. మంట గొట్టంలోకి వెనక్కు పోకుండా ఆపే సాధనాలు మార్కెట్లో దొరుకుతున్నాయి, రెండు గొట్టాలకూ వాటిని బిగించాలి. లీకు ఉన్నదీ లేనిదీ సబ్బు నురగతో చూడాలే గాని అగ్గిపుల్లతో కాదు. ఎసిటిలిన్ బండ వేడెక్కితే దాన్ని కదపరాదు. మంట ఆరినట్లు కనిపించినా తర్వాత పేలవచ్చు. జనాన్ని దూరంగా పంపి 101కు ఫోను చేయాలి. వంటగ్యాసు లీకుకు 1906, గాయపడిన వారికి 108.

గొలుసు, మధ్య గోడకు నాలుగు వరసల ఇటుకలు, రెండు బక్కెట్ల ఇసుక. వీటికయ్యే ఖర్చు ఏ షాపుకూ మోయలేనిది కాదు. ఈ షాపుల్లో పని నేర్చుకుంటున్నది ఎక్కువగా బడి మానిన కూలీల బిడ్డలే. బండ పక్కన రోజంతా నిలబడేది వారే గనుక, ఆ ఖర్చు పెట్టించే బాధ్యత షాపు యజమానితోపాటు ఊరి పెద్దలదీ, పంచాయతీదీ.