లిస్టులో లేని వస్తువు.. అమ్మ కంచం

లిస్టు పెద్దదే. స్టాండు ఉయ్యాల, పాలసీసాలు ఆరు, వాటిని ఆవిరి పట్టే యంత్రం, ఆవాల దిండు, తల గుండ్రంగా రావడానికి ఇంకో దిండు, వాకరు, పౌడరు డబ్బాలు, సబ్బు, షాంపూ, తడి టిష్యూలు, మేజోళ్లు, టోపీలు, ఉంగరాల జుట్టు బొమ్మ... పుట్టబోయే బిడ్డ కోసం ఎవరో స్నేహితురాలు పంపిన ఆ జాబితా చదువుతుంటేనే అలుపొస్తుంది.

ఆ లిస్టు అందుకున్న అమ్మాయి ఉస్మానియా యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిని అనుకుందాం. పీహెచ్‌డీ నాలుగో ఏడు, కడుపులో బిడ్డకి ఎనిమిదో నెల. తార్నాకలో మేడమీద రెండు గదుల వాటా. ఇలాంటి అమ్మాయి కోసం పెద్దగా ఊహించుకోనక్కర్లేదు, ఆ వీధుల్లో పొద్దున తొమ్మిదింటికి నిలబడితే ఎదురొస్తుంది. జేఆర్‌ఎఫ్ ఉంటే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. అదీ వేళకి పడితే. అందులో అద్దె పోను, గ్యాసూ కిరాణా పోను ఈ జాబితా ఎలా కొనడం?

కొనొద్దు. ముప్పావు వంతు అక్కర్లేదు. అక్కర్లేనివే కాదు, కొన్ని హాని చేసేవి కూడా. ఇక నిజంగా కావలసిన మొదటి వస్తువు ఆ జాబితాలో లేనే లేదు. దాని గురించి పట్టించుకునేవాళ్లు ఆ అమ్మాయి రోజూ నడిచే దారిలోనే ఉన్నారు.

ఆ గేటు లోపల...

క్యాంపస్‌ని ఆనుకుని తార్నాక వైపు జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) ఉంది. దాన్ని దాటుకుంటూ వెళ్లేవాళ్లు వేలల్లో ఉంటారు. తొంగి చూసేవాళ్లు తక్కువ. ఉస్మానియా పుట్టిన 1918లోనే ఇదీ పుట్టింది. కాకపోతే ఇక్కడ కాదు, కూనూరులో. బెరిబెరి జబ్బు ఎందుకొస్తుందో తేల్చడానికి రాబర్ట్ మెక్‌కారిసన్ అక్కడ చిన్న ప్రయోగశాల మొదలుపెట్టారు. 1958లో అది హైదరాబాద్‌కు తరలివచ్చింది, 1969లో ఇప్పుడున్న పేరు పెట్టుకుంది. భారతీయులు ఏం తినాలో చెప్పే మార్గదర్శకాలు ఇక్కడి నుంచే వస్తాయి. 2024 మేలో విడుదలైన తాజా పుస్తకంలో సూత్రాలు 17. మొదటిది అందరికీ. ఆ వెంటనే వచ్చే మూడూ తల్లీబిడ్డల గురించే. గర్భిణికీ బాలింతకూ అదనపు తిండి, ఆరు నెలల వరకూ బిడ్డకు తల్లిపాలు మాత్రమే, ఆరు నెలలు నిండగానే మెత్తని తిండి.

వరస గమనించారా? బిడ్డ పాలకన్నా ముందు అమ్మ తిండి.

దీని వెనక పాత కథ ఒకటుంది. తర్వాత ఈ సంస్థకు డైరెక్టరైన డాక్టర్ సి.గోపాలన్ 1950ల్లో పేద తల్లుల పాల మీద అధ్యయనాలు చేశారు. చాలీచాలని తిండి తినే తల్లులు కూడా నెలల తరబడి బిడ్డకు సరిపడా పాలివ్వగలుగుతున్నారని గమనించారు. ఇది విని ‘అయితే ఇంకేం, తిండి లేకపోయినా పాలొస్తాయిగా’ అనుకుంటే పొరపాటే. ఆ పాలు ఎక్కడి నుంచో రావు. తల్లి ఒంట్లోంచి, ఆమె దాచుకున్నదాంట్లోంచి వస్తాయి. బిడ్డ బొద్దుగా, తల్లి పీలగా ఉన్న ఇళ్లు మనకేం కొత్త కాదు.

బిడ్డకు పాలిచ్చే మొదటి ఆరు నెలలూ తల్లికి మామూలుగా తినేదానికన్నా రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని ఎన్ఐఎన్ లెక్క. వంటింటి భాషలో చెప్పుకుంటే రెండు పెద్ద జొన్నరొట్టెలు, కప్పు పప్పు, ఓ గుడ్డు. అంటే ఇంకో పూట భోజనం. గర్భంతో ఉన్నప్పుడు ‘ఇద్దరికి తినాలి’ అని వెంటపడి మరీ పెట్టే ఇల్లే, కాన్పు కాగానే ఆ కంచాన్ని సగం చేస్తుంది!

పత్యం పేరుతో...

పురుడు పోయడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మ మాట ఇలా ఉంటుంది. ‘‘పప్పు తింటె కుట్ల కాడ చీము వడ్తది బిడ్డా. నీళ్లెక్కువ తాగకు, పొట్ట జారుతది. ఇగో, ఎల్లిపాయ కారం, నెయ్యేసుకొని రెండు ముద్దలు తిను.’’ ఆమెకు ఆమె అమ్మ చెప్పింది. అందులో ప్రేమకి లోటు లేదు.

పత్యంలో మంచి లేకపోలేదు. వేడి వేడి అన్నం, నెయ్యి, వెల్లుల్లి, బెల్లం శొంఠి కలిపిన కాయం, నలభై రోజుల విశ్రాంతి.. ఇవన్నీ ఉండనివ్వండి. చిక్కు తీసేసిన వాటితోనే. పప్పు వల్ల చీము పట్టదు. పుండు మానడానికి కావలసిన మాంసకృత్తులు ఆ పప్పులోనే ఉన్నాయి. ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలు కావు. నీళ్లు తగ్గిస్తే పొట్ట తగ్గదు, మలబద్ధకం వస్తుంది. దాహం వేసినప్పుడల్లా తాగాల్సిందే. పాలివ్వడానికి కూర్చున్నప్పుడు పక్కన చెంబు ఉండాలి. ఐరన్ మాత్రలు కాన్పుతో ఆగిపోవు, ఆ తర్వాత కూడా ఆరు నెలలు వేసుకోవాలి. క్యాల్షియం కూడా అంతే.

అమ్మతో వాదన పెట్టుకోవడం వల్ల లాభం లేదు. ఆమె ముందే డాక్టరమ్మ నోట ‘పప్పూ, గుడ్డూ పెట్టండి’ అనిపించండి. కూతురి మాట కన్నా తెల్లకోటు మాట బాగా చెల్లుతుంది.

ఉగ్గు వద్దు, గిన్నె ముద్దు

‘ఉగ్గుపాలతో నేర్చుకున్నాడు’ అంటాం. ఆ ఉగ్గు అంటే చనుబాలలో కలిపిన ఆముదం. కడుపు శుభ్రపడుతుందని పూర్వం పసికందుకి పట్టేవారు, ఇప్పటికీ అక్కడక్కడా పడుతున్నారు. నానుడిలో ఉండనిద్దాం, నోట్లో వద్దు. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పడితే అవే కడుపును శుభ్రం చేస్తాయి. పసుపుగా, చిక్కగా, చెంచాడే వస్తాయి. ఆ చెంచాడే చాలు, అప్పటికి బిడ్డ పొట్ట అంతే. వాటిని పిండి పారబోసి తేనె నాకించడం చేయకూడదు. ఏడాది నిండేదాకా తేనె అసలే వద్దు. మాటలు తొందరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించడమూ అంతే. వసపిట్టలా మాట్లాడటం మాట దేవుడెరుగు, వాంతులు పట్టుకునే ప్రమాదముంది.

ఉగ్గు పోయినా ఉగ్గుగిన్నె మాత్రం ఉండాలి. ముక్కు ఉన్న ఆ చిన్న గిన్నె.. అటక మీద వెతికితే దొరుకుతుంది, లేదంటే స్టీలు సామాన్ల దుకాణంలో కొద్ది డబ్బులకే వస్తుంది. తల్లిపాలు పిండి పట్టాల్సి వస్తే సీసా కన్నా ఇదే మేలు. మూలలు లేవు, రబ్బరు లేదు, తోమి నీళ్లలో మరిగిస్తే సరి. సీసాకు అలవాటు పడిన బిడ్డ రొమ్ము పట్టడానికి మొరాయిస్తుంది. ఆరు సీసాలూ, ఆవిరి యంత్రమూ లిస్టులోంచి కొట్టేయొచ్చు. సీసాలనూ పాలపొడినీ ప్రచారం చేయకుండా మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, 2003లో ఇంకా గట్టిపడింది. పాలపొడి డబ్బా మీద బోసినవ్వుల పాపాయి కనపడకపోవడానికి కారణం అదే. డాక్టరు అవసరమని రాసిస్తే పాలపొడి వాడటం తప్పు కాదు. పక్కింటావిడ చెప్పారని మొదలెట్టడమే తప్పు.

‘పాలు చాలట్లేదేమో’ అన్న బెంగ ప్రతి తల్లికీ ఉంటుంది. లెక్క సులువు. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు పట్టాలి. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఒంటికి పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. మొదటి రోజుల్లో కాస్త బరువు తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు వచ్చేయాలి. మే నెల ఎండల్లో అయినా ఆరు నెలల్లోపు మంచినీళ్లు అక్కర్లేదు. రోజూ 400 యూనిట్ల విటమిన్-డి చుక్కలు మాత్రం డాక్టరు చెప్పినట్టు వేయాలి.

కొనాల్సినవి ఇవీ..

మెత్తటి నూలు జుబ్బాలు ఎనిమిదో పదో, పాత నూలు చీరలు చింపి ఉతికి ఎండలో ఆరేసిన లంగోటీలు రెండు డజన్లు, దోమతెర, కాస్త గట్టిగా ఉండే చిన్న పరుపు, డిజిటల్ థర్మామీటరు, గోళ్లు తీసే చిన్న కత్తెర. డైపర్లు రాత్రికీ ఆసుపత్రి ప్రయాణానికీ ఉంచుకుంటే చాలు. దాదాపు ఇంతే.

దిండ్లు రెండూ కొట్టేయండి. పసిబిడ్డకు దిండు ప్రమాదం, ఊపిరాడకపోవచ్చు. ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి, చుట్టూ బొమ్మలూ బొంతలూ పేర్చకూడదు. ఎప్పుడూ ఒకే వైపు తిరిగి పడుకోకుండా చూసుకుంటే తల ఆకారం దానంతటదే సర్దుకుంటుంది. చీర ఉయ్యాలలో వేస్తే గడ్డం గుండెకు ఆనకుండా చూడాలి, పక్కన మనిషి ఉండాలి. వాకరుతో నడక తొందరగా రాదు, మెట్ల మీద నుంచి పడటం మాత్రం వస్తుంది. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకాన్నే నిషేధించారు. పౌడరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వద్దు.

ఇక స్నానం. బారచాపిన కాళ్ల మీద బిడ్డను బోర్లా వేసుకుని అమ్మమ్మ పోసే స్నానానికి ఏ ప్లాస్టిక్ తొట్టీ సాటిరాదు. పుట్టిన మర్నాటి దాకా ఆగి, నీటి వేడి మోచేత్తో చూసి, చేయి తేలిగ్గా ఉంచి నూనె మర్దన చేస్తే మంచిదే. ముక్కులో, చెవుల్లో నూనె పోయడం, ముక్కులో ఊదడం, చన్నులు పిండటం మాత్రం ఆపించాలి. బొడ్డుకు ఏమీ రాయకూడదు, పొడిగా ఉంచితే రాలిపోతుంది. సాంబ్రాణి పొగ చిన్న గదిలో వేస్తే పెద్దవాళ్లకే దగ్గొస్తుంది, ఆ చిట్టి ఊపిరితిత్తుల గతేంటి? కాటుక కళ్లకు వద్దు. దిష్టిచుక్క అరికాలికి పెట్టుకోండి, ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆగకూడని వేళ

ఫోన్లో వెతకడానికి కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు ఉన్నాయి. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా, ముట్టుకుంటే చల్లగా తగిలినా, డొక్కలెగరేస్తున్నా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారుతున్నా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయొద్దు. కామెర్లు చాలామంది పిల్లల్లో కనిపించి తగ్గిపోతాయి. అయితే మొదటి 24 గంటల్లోనే కనిపించినా, పసుపు అరచేతులకూ అరికాళ్లకూ పాకినా లేత ఎండలో పెట్టి కూర్చోవద్దు. ఎండ దానికి మందు కాదు. 108 నంబరు గోడ మీద రాసుకోండి.

మళ్లీ క్యాంపస్‌కి..

ఉద్యోగం చేసే ఆడవాళ్లకు చట్టం ప్రకారం మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవుంది. పరిశోధక విద్యార్థినికి ఆ చట్టం కాదు, యూజీసీ నిబంధన ఆసరా. పీహెచ్‌డీ మొత్తమ్మీద ఒకసారి 240 రోజుల వరకూ ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చని 2016లోనూ, మళ్లీ 2022 నిబంధనల్లోనూ ఉంది. ‘ఇవ్వొచ్చు’ అన్నారు కాబట్టి అడగాలి. కాన్పుకు ముందే, కాగితం మీద. సెలవులో ఫెలోషిప్ సంగతి ఏమిటో కూడా డబ్బిచ్చే సంస్థను ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. గైడు మంచివారే కావచ్చు, అయినా మాట మీద వదిలేయొద్దు.

సెలవు అయ్యాక పాలు ఆపేయనక్కర్లేదు. శుభ్రమైన చేతులతో మూతున్న స్టీలు గిన్నెలోకి పిండి పెడితే 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. హైదరాబాద్ వేసవిలో గది 25 డిగ్రీలుండేది ఎన్నడు? నేరుగా ఫ్రిజ్‌లోనే పెట్టాలి. పొయ్యి మీద కాచకుండా గిన్నెను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, ఉగ్గుగిన్నెతో పట్టాలి. డిపార్ట్‌మెంట్లో తలుపు గడియ పడే గది ఒకటి కావాలి. మరుగుదొడ్డిలో నిలబడి పిండుకోమనడం ఏ తల్లికీ చెప్పే మాట కాదు. పాలు ఎక్కువైన తల్లులు ఇవ్వదలచుకుంటే నిలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు అవి ప్రాణం.

బండి సంగతి ఒక్క మాట. ద్విచక్ర వాహనం మీద నాలుగేళ్లలోపు పిల్లలకు నడిపేవారితో కలిపి కట్టే బెల్టు, తొమ్మిది నెలలు నిండితే హెల్మెటు, 40 కిలోమీటర్ల లోపు వేగం.. ఇవి 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నిబంధనలు. చంటిబిడ్డను బండి మీద తిప్పకపోవడమే మేలు. టీకాలకు ఆటోలో వెళ్లండి.

ఇక భర్త చేయాల్సింది. లంగోటీలు ఉతకడం, రాత్రి తేన్పు తీయడం, మరీ ముఖ్యంగా ఆ మూడో రొట్టె కాల్చి కంచంలో వేయడం. పురుడయ్యాక కొన్నాళ్లు ఏడుపు రావడం సహజం. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ మీద కూడా మనసు పోకపోతే అది ‘ఒళ్లు బద్ధకం’ కాదు. టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పుట్టినప్పటి టీకాల తర్వాత 6, 10, 14 వారాలకు మళ్లీ టీకాలుంటాయి. ఆరో వారం బిడ్డను బరువు తూచేటప్పుడు అమ్మ కూడా తూకం చూసుకుని, హిమోగ్లోబిన్ పరీక్షకు రక్తం ఇచ్చి రావాలి.