కడిగి చూడకుండా మార్చొద్దు!

డ్రైవరన్నలారా, సొంత బండ్లవాళ్లారా!

మొన్న వారధి మీద ట్రాఫిక్‌లో మన స్టాండు బండి ఒకటి ఆగిపోయింది. లోపల డయాలసిస్‌కి వెళ్తున్న పెద్దాయన ఉన్నారు. ఏసీ వేసి క్లచ్ తొక్కితే చాలు ఇంజను ఊగుతుంది, ఆగుతుంది. మళ్లీ సెల్ఫ్ కొట్టడం, రేస్ ఇచ్చి పట్టుకోవడం. వెనక లారీవాళ్ల తిట్లు. ఎలాగో ఆయన్ని ఆస్పత్రిలో దించి బండిని ఒక సర్వీసు సెంటర్‌కి తోలితే, స్కానర్ తగిలించి చూశారు. ఒక్క బోల్టు విప్పలేదు. "ఐడిల్ వాల్వు పోయింది, థ్రాటిల్ బాడీతో సహా మార్చాలి" అన్నారు. ఎస్టిమేట్ 14,200 రూపాయలు! ఆ అన్న సంతకం పెట్టకుండా బండి వెనక్కి తెచ్చుకున్నాడు. ఆటోనగర్‌లో మన మెకానిక్ అదే వాల్వు ఊడదీసి, క్లీనర్ స్ప్రే కొట్టి, పాత పళ్ల బ్రష్షుతో తుడిచి బిగించాడు. ఇవాళ్టికీ బండి ఆ వాల్వుతోనే తిరుగుతోంది.

ముక్కు దిబ్బడేసిందని వెళ్తే, ముక్కు కోసి కొత్తది పెడతామన్నట్టుంది వీళ్ల వైద్యం.

ఊడదీసిన ఆ వాల్వును మేం చూశాం. మొన చుట్టూ నల్లటి జిగురు, వేలికి అంటితే సబ్బుకు కూడా వదల్లేదు. పెడల్ మీద కాలు తీస్తే థ్రాటిల్ పలక మూసుకుంటుంది; అప్పుడు ఇంజనుకు కావాల్సిన కాస్త గాలి పక్కనున్న సన్నదారిలో వెళ్లాలి. ఆ దారిని ఎంత తెరవాలో చూసుకునేది ఈ వాల్వు. ఏసీ వేస్తే కొంచెం ఎక్కువ తెరవాలి, పొద్దున్నే చల్లటి ఇంజనుకు ఇంకొంచెం. క్రాంక్‌కేస్ నుంచి పీసీవీ గొట్టం గుండా వచ్చే ఆయిల్ ఆవిరి, దానికి తోడు మసి, దుమ్ము కలిసి మొన దగ్గర గడ్డకడితే వాల్వు కదలదు. మూసుకుని పట్టేస్తే బండి సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. తెరుచుకుని పట్టేస్తే 750, 900 ఆర్పీఎం మధ్య ఉండాల్సిన స్లో (ఐడిల్) 1,500 దాటి అరుస్తుంది, పెట్రోలు తాగుతుంది. పాడైంది వాల్వును కదిపే మోటారా, పట్టింది మసా అన్నది విప్పితే తెలుస్తుంది. స్కానర్ కోడు చూసి తేల్చే సంగతి కాదిది.

అంబాసిడర్, పద్మిని తోలినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. స్లో తగ్గితే మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ మీద స్క్రూ కాస్త తిప్పేవాడు, టీ డబ్బులు ఇచ్చేవాళ్లం, పని అయిపోయేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, స్క్రూ పోయింది, వాల్వు వచ్చింది. ఆ వాల్వుతో పాటే బానెట్ మన మొహాన మూసేశారు. పొగ తగ్గింది కదా అంటారు. తగ్గనివ్వండి, వద్దన్నదెవరు? పొగ తగ్గడానికీ వాల్వు కడగకపోవడానికీ ఏం సంబంధం?

ఇక అసలు సంగతికి వద్దాం. మార్చిన పాత సామాను ఎక్కడికి పోతోంది? అడిగితే "స్క్రాప్‌లో వేశాం సార్" అంటారు. మా డబ్బుతో కొన్న వాల్వు, మా బండిలోంచి ఊడదీసిన వాల్వు, మమ్మల్ని అడక్కుండా స్క్రాప్‌లో వెయ్యడానికి మీరెవరు? అది నిజంగా కాలిపోయిందో, మసి పట్టి ఊరుకుందో మాకు ఎప్పటికీ తెలియకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. బిల్లులో ఒక పార్టు నంబరు, ఒక ధర, లేబర్ అని ఒక అంకె. మళ్లీ నోరెత్తితే "మీకు ఎలక్ట్రానిక్స్ తెలియదు" అన్న చూపు. దీన్ని సర్వీసు అనరు, దోపిడీ అంటారు.

ఇది మేం ఒక్కళ్లమే అంటున్న మాట కాదు. విడిభాగాలు, రిపేరు పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్ల జరిమానా వేసింది. బయట రిపేరు చేయిస్తే చాలు వారంటీ మొత్తం పోతుందన్న షరతు పెట్టొద్దని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2022లో కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులోనే పోర్టల్ తెరిచింది. మన కౌంటర్ దగ్గర మాత్రం ఆ పాత పాటే: "మార్చాల్సిందే."

స్ప్రే కొడితే మోటారు పోతుందని భయపెడతారు. మోటారును స్ప్రేలో ముంచితే పోతుంది. ముంచమన్నదెవరు? కాయిల్ కాలితే మార్చాల్సిందే, మీటరు పెట్టి చూపించండి, మార్పిస్తాం. కొత్త బండ్లలో ఈ వాల్వు విడిగా ఉండదంటారు. నిజమే, అక్కడ కంప్యూటరే థ్రాటిల్ పలకను కదుపుతుంది. ఆ పలక అంచునా ఇదే మసి పడుతుంది. అక్కడా ముందు శుభ్రం చేయడమే పని.

కాబట్టి ఈ రోజు నుంచి జాబ్ కార్డు మీద మన చేత్తో రెండు ముక్కలు రాద్దాం: "ముందు మా ఎదుట విప్పి కడగాలి. మార్చితే పాత సామాను మాకివ్వాలి." ఇది రాయనివ్వని చోట సంతకం పెట్టొద్దు. బిల్లు ఇవ్వకపోతే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు.

చేతిపని తెలిసినవాళ్లు సొంతంగానూ చేసుకోవచ్చు. ఇంజను చల్లారాక, ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ తీసేసి మొదలుపెట్టండి. స్ప్రే మండే సరుకు, దగ్గర్లో బీడీ కూడా వద్దు. మొనను వేళ్లతో లాగొద్దు, తిప్పొద్దు. లోపలి పళ్లు పోతాయి. మోటారు వైపు పైకెత్తి, మొనకే స్ప్రే తగిలేలా పట్టుకోండి. వాల్వు కూర్చునే గుంత మర్చిపోతారు చాలామంది, సగం మసి అక్కడే ఉంటుంది. ఓ-రింగ్ చీలితే కొత్తది వేయండి, లేకపోతే గాలి లీకై స్లో మళ్లీ ఊగుతుంది. పూర్తిగా ఆరాక బిగించండి. కొన్ని బండ్లకు స్లో మళ్లీ నేర్పించాలి, ఎలాగో మాన్యువల్‌లో ఉంటుంది. నెల తిరక్కుండా మళ్లీ పడితే పీసీవీ వాల్వునూ ఎయిర్ ఫిల్టర్‌నూ అనుమానించండి.

వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు ఆటోనగర్ గేటు దగ్గర కలుద్దాం. స్లో సరిగా లేని బండ్లు తీసుకురండి, అక్కడే అందరి ముందూ విప్పి కడుగుదాం. మీ దగ్గరున్న పాత బిల్లులు కూడా పట్టుకురండి. అందరివీ కలిపి ఫిర్యాదు ఆ రోజే రాస్తాం.

— కొందరు కారు డ్రైవర్లు, విజయవాడ