1:15 చూసి ఫ్రీజ్ కొట్టేస్తున్నారా? ఒక్క నిమిషం!

వెబ్ ఆప్షన్స్ సీజన్ వచ్చిందంటే చాలు, మా చుట్టాల్లో నాకు ఎక్కడలేని గిరాకీ. మొన్న రాత్రి పిన్ని కొడుకు ఫోన్ చేశాడు.

"అక్కా, సీఎస్‌ఈకి రెండు కాలేజీలు మిగిలాయి. ఒకదాంట్లో స్టూడెంట్, ఫ్యాకల్టీ రేషియో 1:15, ఇంకోదాంట్లో 1:20 అంట. మొదటిదే పైన పెట్టేయనా?"

"ఆగరా బాబూ" అన్నా.

1:20 అంటే క్లాసులో ఇరవై మందే ఉంటారని కాదు. మొత్తం స్టూడెంట్స్‌ని మొత్తం ఫ్యాకల్టీతో భాగిస్తే వచ్చే సగటు అది. ఇంజినీరింగ్‌కి ఏఐసీటీఈ రూల్ ఒకప్పుడు 1:15. 2018-19 నుంచి 1:20కి సడలించారు. ఆ సగటులో సివిల్‌లోని ఖాళీ బెంచీలు, సీఎస్‌ఈలోని కిక్కిరిసిన సెక్షన్లు అన్నీ కలిసిపోతాయి.

మా కాలేజీ రేషియో కాగితం మీద భేషుగ్గా ఉండేది. మా సెక్షన్‌లో మాత్రం 64 మంది. డేటా స్ట్రక్చర్స్ సార్ సెమిస్టర్ మధ్యలోనే మానేశారు. తర్వాత వచ్చినవాళ్లకి మేం రోల్ నంబర్లమే.

దాని దెబ్బ ఫైనలియర్‌లో తెలిసింది. ఎంఎస్ అప్లికేషన్‌కి మూడు రికమెండేషన్ లెటర్లు కావాలి. ఇద్దరు సార్లు "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతా" అన్నారు. వాళ్లనేం అంటాం? నా గురించి వాళ్లకేం తెలుసని! ఒక్క మేడమ్ మాత్రం స్వయంగా రాశారు. ఆవిడ దగ్గర ప్రాజెక్ట్ చేసింది రెండే బ్యాచ్‌లు. నా ప్రోగ్రామ్ ఎన్నిసార్లు ఫెయిలైందో, ఎన్ని రాత్రులు కూర్చుని సరిచేశానో ఆవిడకి గుర్తుంది.

అందుకే తమ్ముడికి నాలుగు ప్రశ్నలు పంపా. ఆఫీసులో కాదు, సీనియర్లని అడగమన్నా.

మీ బ్రాంచిలో సెక్షన్‌కి ఎంతమంది?
ల్యాబ్‌లో ఎంతమందికి ఒక సార్?
ఫైనలియర్‌లో ఒక్కో గైడ్ కింద ఎన్ని బ్యాచ్‌లు?
ఫస్టియర్‌లో పాఠం చెప్పినవాళ్లలో ఇంకా ఎంతమంది ఉన్నారు?

పొద్దున్నే మెసేజ్ వచ్చింది: "అక్కా, ఆ 1:15 కాలేజీలో ఒక్కో గైడ్‌కి తొమ్మిది బ్యాచ్‌లంట!" ఆర్డర్ తిరగేశాడు.

రేషియో చూడొద్దని కాదు. 1:20 కన్నా అధ్వానంగా ఉంటే ఆ కాలేజీ జోలికే పోకండి. అంతవరకే దానితో పని. ఆ తర్వాత చూడాల్సింది ఒక్కటే: నాలుగేళ్లయ్యాక అక్కడ మీ పేరు తెలిసిన టీచర్ ఒక్కరైనా ఉంటారా?