ఆపరేషన్ అయిన అయిదో ఏడు

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న మనిషికి మొదటి ఏడాది తిండి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆకలే సరిగా వేయదు. నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది. నెలనెలా కిలోలు దిగుతాయి, జాకెట్లకు కుట్లు వేయించుకోవాల్సి వస్తుంది, ఎదురుపడ్డవాళ్లంతా 'ఏం జేసినవ్, గింత సన్నబడ్డవ్' అని ఆరా తీస్తారు. కష్టమంతా మూడో ఏడు దాటాక. అప్పటికి అడిగేవాళ్లు ఉండరు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసిన డాక్టర్ వేరే ఆసుపత్రికి మారిపోయి ఉంటాడు. డైట్ చార్టు బీరువాలో ఏ చీరల కింద పడి ఉందో గుర్తుండదు. ఆకలి మాత్రం తిరిగొస్తుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఇప్పుడు ఈ ఆపరేషన్ పేరు వినని పట్నం లేదు. 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ చేయించుకున్నప్పుడు అది ఢిల్లీ పెద్దల ముచ్చట. 2023 మొదట్లో ఉస్మానియా ఆసుపత్రిలో 240 కిలోల యువకుడికి ఈ ఆపరేషన్ చేశారన్న వార్త వచ్చాక మన ఇళ్లల్లోనూ మాట్లాడుకోవడం మొదలైంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ దాదాపు నూటికి 30 మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు కాబట్టి ఈ మాటలు ఇంకా పెరుగుతాయి. అయితే ఏ వార్తలో చూసినా రెండు అంకెలే: ముందు ఎంత, తర్వాత ఎంత. ఆ మనిషి అయిదేళ్ల తర్వాత పొద్దున ఏం తింటున్నాడో ఎవరూ రాయరు.

స్లీవ్ అనే పద్ధతిలో పొట్టలో ముప్పావు వంతు దాకా కోసి తీసేసి, అరటికాయంత గొట్టాన్ని మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే, అందుకే మొదట్లో ఆకలి చచ్చిపోతుంది. బైపాస్ అనే రెండో పద్ధతిలో 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని పైన విడదీసి దానికి చిన్నపేగును తెచ్చి కలుపుతారు. తిన్నది మిగతా పొట్టనూ పేగు మొదటి భాగాన్నీ తాకకుండా దాటిపోతుంది. రెండు పద్ధతుల్లోనూ ఒంటికి కొన్నేళ్లలో ఈ కొత్త ఏర్పాటు అలవాటవుతుంది. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత తిరిగి రావడం మామూలే. అయిదో ఏట నాలుగు కిలోలు పెరిగిన మనిషిని చూసి 'లచ్చలు పోసి కోయించుకుని మల్ల ఉబ్బిండు' అని అరుగు మీద కూర్చుని నవ్వేవాళ్లు ఈ అంకె తెలుసుకోవాలి. ఆ నవ్వులకు జంకే మనిషి మళ్లీ డాక్టర్ గడప తొక్కడు.

సరే, కొంత పెరగడం మామూలే అనుకున్నా, ఎక్కువ పెరగడానికి కారణం ఎక్కడుంది? అతిగా తినడంలో అని చటుక్కున అంటాం. అంత తినే చోటే లేదక్కడ. కారణం ఏది సులువుగా దిగుతుందన్న దానిలో ఉంది. జొన్నరొట్టె ముక్క బాగా నమలకపోతే గొంతు కిందే పట్టేస్తుంది. మటన్ ముక్కా అంతే. ఒకసారి అలా పట్టేసి వాంతి అయిందంటే మనిషి ఆ తిండికి దూరం జరుగుతాడు. ఉప్మా, పెరుగన్నం, చాయ్‌లో ముంచిన బిస్కెట్టు, కారప్పూస, ఐస్‌క్రీం మాత్రం హాయిగా జారిపోతాయి. పెళ్లిలో మటన్ దిగని గొంతులో జిలేబి దిగుతుంది. ఇలా ఏడాదికి ఏడాది మాంసకృత్తులున్న గట్టి తిండి పళ్లెంలోంచి తప్పుకుంటుంది, చక్కెరా నూనే ఉన్న మెత్తటి తిండి దాని చోటు ఆక్రమిస్తుంది. తింటున్నది కొంచెమే, బరువేమో పెరుగుతోంది, ఏం ఖర్మో అని బాధపడేవాళ్లు ముందు తాగే చాయ్‌లు లెక్కపెట్టుకోవాలి. రోజుకు అయిదు చాయ్‌లు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. అది భోజనం లెక్కలోకి రాదని మన నమ్మకం.

ఇందులో మన నేలకు సంబంధించిన సంగతి ఒకటుంది. పాలమూరు తిండి జొన్న, సజ్జ, కొర్ర. వరన్నం పండగనాటి మాట. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక, ఆ తర్వాత జూరాల కాలువలు, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాక వరి మన పొలంలోకీ కంచంలోకీ వచ్చింది. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. పేదింటికి అది న్యాయమే, దాన్ని తప్పుపట్టే తీరిక నాకు లేదు. నా పేచీ కంచం తీరుతో. మధ్యలో అన్నం కుప్ప, దాని మీద పప్పుచారో పచ్చిపులుసో, పక్కన ఇంత కూర, చివర మజ్జిగ. మాంసకృత్తులన్నీ పక్కనున్న ఆ ఇంతలోనే ఉంటాయి. పైగా తడి. ఆపరేషన్ అయినవాళ్లు తినే ముందు, తింటున్నప్పుడు, తిన్న తర్వాత ఓ అరగంట నీళ్లు ముట్టొద్దని డాక్టర్లు చెప్తారు, ఎందుకంటే నీళ్లతో కలిస్తే తిండి తొందరగా కిందికి జారి మళ్లీ చోటు ఖాళీ అవుతుంది. మనవాళ్లు గ్లాసు పక్కన పెట్టి ఆ మాట పాటించామనుకుంటారు. పచ్చిపులుసు పోసుకుని జుర్రుకున్న అన్నం మాటేమిటి? అదీ నీళ్లే. మజ్జిగన్నమూ అంతే.

కాబట్టి మార్చాల్సింది వరస. ముందు గుడ్డు, చేప, కోడికూర, గట్టిపప్పు. తర్వాత కూరగాయ. చోటు మిగిలితే రొట్టె ముక్కో గుప్పెడు అన్నమో, అదీ చివర. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. ఈ మాట వినగానే పౌడర్ డబ్బాలకు పరుగెత్తనక్కర్లేదు. తొలినెలల్లో డాక్టర్ రాస్తే తాగాలి, ఏళ్లు గడిచాక ఇంటి తిండితోనే ఆ లెక్క అందుతుంది. రెండు గుడ్లకు 12 గ్రాములు. వండిన చేప వంద గ్రాములైతే 20 దాకా. గిన్నెడు గట్టిపెరుగుకు ఆరేడు. గరిటెడు గట్టిపప్పుకు ఏడెనిమిది. చారెడు ఉలవ గుగ్గిళ్లకు ఇంకో ఆరేడు. చేతినిండా పల్లీలకు ఏడు. ఒక్క పూటలో ఇదంతా పట్టదు, అయిదారు సార్లుగా పంచుకోవాలి.

పల్లీల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అవి మన పంట. వనపర్తి, అచ్చంపేట మార్కెట్లకు పల్లి బస్తాలు వచ్చే రోజుల్లో ఏ ఇంట్లో చూసినా ఉడకబెట్టినవో వేయించినవో ఉంటాయి. నూరు గ్రాముల పల్లీల్లో 25 గ్రాముల మాంసకృత్తులుంటే దాదాపు 50 గ్రాములు నూనె. చారెడైతే మందు లాంటివే. టీవీ ముందు పళ్లెం పెట్టుకుని సీరియల్ అయ్యేదాకా తింటే ఒక పూట భోజనం కంటే ఎక్కువ శక్తి ఒంట్లో చేరుతుంది, కడుపు నిండినట్టు కూడా ఉండదు. జూరాల చేపదీ అదే కథ. చేప ఈ ఆపరేషన్ అయినవాళ్లకు దేవుడిచ్చిన తిండి, మెత్తగా ఉంటుంది, మాంసకృత్తులు బాగా ఉంటాయి. కానీ డ్యామ్ దగ్గరి దుకాణాల్లో నూనెలో ఎర్రగా వేగుతుంటే పులుసు గుర్తుకొచ్చే మనిషిని నేనింతవరకు చూడలేదు. రెండు ముక్కలు అక్కడ తినండి, మిగతా చేప ఇంటికి తెచ్చుకోండి.

ఇక మనం పెట్టే బలవంతం. ఉగాదికి బక్ష్యాలు చేసి, నెయ్యి వేసి, 'గింతేనా, మా ఇంటికొచ్చి గింతేనా తినేది' అని మొహం ముడుచుకుంటాం. గద్వాల జములమ్మ జాతర బంతిలో కూర్చున్నవాణ్ని కూర పోయకుండా లేవనివ్వం. బైపాస్ అయిన మనిషి ఆ మొహమాటానికి రెండు బక్ష్యాలు తింటే ఇరవై నిమిషాల్లో చెమటలు పోస్తాయి, గుండె దడదడలాడుతుంది, కళ్లు తిరుగుతాయి, విరేచనం అవుతుంది. తీపి ఒక్కసారిగా పేగులోకి దూకడం వల్ల వచ్చే బాధ అది. డంపింగ్ అంటారు. స్లీవ్ అయినవాళ్లకూ వస్తుంది, తక్కువగా. చుట్టూ ఉన్నవాళ్లు దిష్టి అనుకుంటారు, లేదా షుగర్ పడిపోయిందని గ్లూకోజ్ నీళ్లు పట్టిస్తారు. తీపి వల్ల వచ్చిన బాధకు మళ్లీ తీపి! గంట నుంచి మూడు గంటల తర్వాత వచ్చే రెండో రకంలో మాత్రం నిజంగానే షుగర్ పడిపోతుంది. ఏది ఏదో తేల్చాలంటే వేలికి సూది గుచ్చి చూడాలి, ఊహించకూడదు.

కల్లు సంగతి చెప్పకపోతే పాలమూరు గురించి రాసినట్టు కాదు. 'కల్లే గదా, మందు గాదు గదా' అనే మాట ఇక్కడ చాలామంది నోట వినిపిస్తుంది. బైపాస్ అయినవాళ్లకు మద్యం త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, మునుపటికంటే తక్కువకే నిషా వస్తుంది. అమెరికాలో 2012లో వెలువడిన అధ్యయనంలో ఆపరేషన్ అయిన రెండో ఏడాదిలో మద్యానికి బానిసవుతున్నవాళ్లు పెరిగారని తేలింది. తిండి ఇచ్చే సుఖం తగ్గినచోట మరోటి వచ్చి కూర్చుంటుందని కొందరు డాక్టర్ల అనుమానం. నాకూ అది నిజమేననిపిస్తుంది. పొద్దుగూకే వేళ కల్లు దుకాణం ముందు దోస్తుల మధ్య కూర్చుని వద్దనడం బక్ష్యం వద్దనడం కంటే కష్టం.

బరువు పెరిగితే అద్దంలో కనిపిస్తుంది. లోపల ఖాళీ అయ్యేవి కనిపించవు. బీ12 విటమిన్ కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అందుకే ఆపరేషన్ అయ్యాక మొదటి ఏడాది మాత్ర మానేసినా చాలామందికి పైకి ఏమీ తెలియదు. మూడో ఏడో అయిదో ఏడో అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం మొదలవుతాయి. అప్పటికి ఆ ఆపరేషన్‌కూ ఈ తిమ్మిర్లకూ సంబంధం ఉందని ఎవరికీ తోచదు. నరాల బలహీనత అని సూదులు వేయించుకుంటారు. ఇనుము సంగతి ఆడవాళ్లకు ఇంకా గడ్డు. మొదట చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 57 మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది, ఏ ఆపరేషనూ లేకుండానే. దాని మీద పేగు మొదటి భాగాన్ని దాటవేస్తే, ఇనుము ఎక్కువగా పీల్చుకునేది అక్కడే కాబట్టి, ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇనుము మాత్ర వేసుకుని వెంటనే చాయ్ తాగితే మాత్ర వృథా. కాల్షియం మాత్రనూ దానితో కలపకూడదు, రెంటి మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. వాంతులు రోజుల తరబడి తగ్గకపోతే అది అజీర్తి అని సోడా తాగి ఊరుకునే విషయం కాదు. బీ1 లోపిస్తే మెదడుకే ప్రమాదం, ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఎక్కడికి పరుగెత్తాలి? వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, గద్వాలలో 2024లో. ఆపరేషన్ అక్కడ చేయమని నేను అడగడం లేదు. ఆపరేషన్ అయినవాళ్లను చూడమంటున్నాను. నెలకో రోజు ఒక జనరల్ మెడిసిన్ డాక్టర్, ఒక డైటీషియన్ కూర్చుంటే చాలు. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్, బీ12, విటమిన్ డి, కాల్షియం పరీక్షలు ఏడాదికోసారి అక్కడే జరగాలి. నాలుగు మాత్రలకూ ఒక రక్తపరీక్షకూ నల్లమల అంచు నుంచి హైదరాబాద్ దాకా పోయి రమ్మంటే ఒక పూట కూలి పోగొట్టుకునే మనిషి పోడు. పోకపోవడం అతని తప్పు కూడా కాదు. ఆపరేషన్‌కు లక్షలు తీసుకునే కార్పొరేట్ ఆసుపత్రులు అయిదేళ్ల దాకా ఫోన్‌లోనైనా పలకరించే బాధ్యత ఆ బిల్లులోనే కలపాలి.

ఆపరేషన్ అయి మూడేళ్లు దాటినవాళ్లు ఈ నెలలోనే ఆ పరీక్షలు చేయించుకోండి. పాత డిశ్చార్జి కాగితం వెతికి తీసి, మీకు జరిగింది స్లీవో బైపాసో ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ఒళ్లునొప్పులని పోతే ఊళ్లో ఆర్ఎంపీ వేసే మొదటి సూది చాలాసార్లు నొప్పి మందే. బైపాస్ అయినవాళ్లకు ఆ రకం మందులు పుండ్లు తెస్తాయి. సూది వేయకముందే ఆ చీటీ చూపించండి.